లండనుకు పొగబెట్టిన కథ

ఇంటికొచ్చిన చుట్టం నెల దాటినా కదలకపోతే "ఇక పొగబెట్టాల్సిందే" అంటారు మనవాళ్ళు. కలుగులో దూరిన ఎలకని బయటికి రప్పించడానికి పిడకల పొగ వూదే రోజుల్లో పుట్టిన మాట కాబోలు. కానీ ఒక మహారాణికి అక్షరాలా పొగబెట్టి ఊరు దాటించిన సంఘటన చరిత్రలో వుంది. 1257లో ఇంగ్లండు రాజు మూడవ హెన్రీ భార్య ఎలినార్ రాణి నాటింగ్‌హామ్ కోటలో బసచేసింది. కిందనున్న ఊళ్ళోంచి లేచే బొగ్గుపొగ కోటలోకి వచ్చి, ఊపిరి సలపనివ్వక, ఆవిడ పెట్టే బేడా సర్దించుకుని టట్‌బరీ కోటకి వెళ్ళిపోయింది. పొగబెట్టినవాళ్ళు శత్రువులు కారు. పొయ్యి వెలిగించుకున్న సొంత ప్రజలే.

ఆ పొగ రాక్షసిబొగ్గుది. తెలుగులో దానికి ఆ పేరు పెట్టినదెవరో గాని, వారికి నమస్కారం పెట్టాలి. నేలబొగ్గు అన్నా సరిపోయేది. రాక్షసి అనడంలో వున్న ముందుచూపు వేరు! ఇంగ్లీషువాళ్ళు దాన్ని "సముద్రపు బొగ్గు" అన్నారు. న్యూకాసిల్ దగ్గర తవ్వి, ఓడల్లోకెత్తి, సముద్రం మీదుగా థేమ్స్ నదిలోకి తెచ్చేవారు గనక ఆ పేరు. లండను చుట్టుపక్కల అడవులు తరిగి కట్టెలు ప్రియమవుతున్న రోజులవి. మొట్టమొదట దీన్ని ఎగబడి కొన్నది సున్నపు బట్టీలవాళ్ళు. కోటలకీ చర్చీలకీ సున్నం కావాలి, సున్నానికి మంట కావాలి. ఊళ్ళో జనం ముక్కులు మూసుకుని గోలపెడితే 1285లో మొదటి ఎడ్వర్డు రాజు విచారణకి ఒక సంఘాన్ని వేశాడు. మరో ఇరవై ఏళ్ళు గడిచాక, 1306-07 ప్రాంతాల, బట్టీల్లో సముద్రపు బొగ్గు కాల్చడానికి వీల్లేదని చాటింపు వేయించాడు. ఈ ఆజ్ఞ మీరినవాణ్ణొకణ్ణి ఉరితీశారని ఒక కథ పుస్తకాల్లో చక్కర్లు కొడుతూ వుంటుంది గాని, దానికి నమ్మదగిన ఆధారం లేదు. ఆజ్ఞ మీరినవాళ్ళు మాత్రం లెక్కలేనంతమంది. చాటింపు చల్లారింది, బట్టీలు చల్లారలేదు.

పదహారో శతాబ్దం వచ్చేసరికి ఇళ్ళకి ఇటుక పొగగొట్టాలు విరివిగా లేచాయి. పొగగొట్టం మనిషికి ఒక చిత్రమైన తృప్తినిస్తుంది. పొగ మనింట్లోంచి పోతుంది. ఎక్కడికి పోతుందంటే పక్కింటికి. పక్కింటివాడి పొగ మనింటికొస్తుంది. అయినా ఎవరి గొట్టం వాళ్ళకి ముద్దు.

ఈ సంగతి మీద మొదటిసారిగా గట్టిగా కలం పట్టినవాడు జాన్ ఎవెలిన్. దినచర్య రాసుకున్న పెద్దమనిషి, తోటలంటే ప్రాణం, రాయల్ సొసైటీ స్థాపకుల్లో ఒకడు. 1661లో "ఫ్యూమిఫ్యూజియం" అనే నోరు తిరగని పేరుతో చిన్న పుస్తకం అచ్చువేసి రెండవ చార్లెస్ రాజుకి అంకితమిచ్చాడు. వైట్‌హాల్ రాజభవనంలోకి ఎంత పొగ దూరిందంటే అక్కడున్నవాళ్ళకి ఒకరి మొహం ఒకరికి ఆనలేదట. అది కళ్ళారా చూశాక పుట్టిన పుస్తకం. లండనులో చచ్చేవాళ్ళలో దరిదాపు సగంమంది క్షయ, ఊపిరితిత్తుల జబ్బులతోనే చస్తున్నారని ఆయన వాదన. మందేమిటయ్యా అంటే - బీరు కాచేవాళ్ళనీ, రంగులద్దేవాళ్ళనీ, సున్నపు బట్టీలవాళ్ళనీ, సబ్బు వండేవాళ్ళనీ ఊరికి దూరంగా నది దిగువకి తరలించండి, ఊరి చుట్టూ పరిమళాల పూలమొక్కలు నాటించండి అన్నాడు. రాజుగారు మెచ్చుకున్నారు. చట్టం ముసాయిదా కూడా తయారైంది. తర్వాత ఏమైంది అని అడక్కండి. రాజుగారి మెప్పుకి మనదేశంలో ఎంత ఆయుష్షో అక్కడా అంతే.

ఎవెలిన్ పుస్తకంలో ఒక చిన్న మెలిక వుంది. ఈ కథకంతటికీ అది కీలకం. ఇళ్ళల్లో వంట పొయ్యిల పొగ లెక్కలోకి రాదని, తప్పంతా బట్టీలదేనని ఆయన తేల్చేశాడు. బట్టీవాడు బయటివాడు, తిట్టడం తేలిక. ఇంటి పొయ్యి మనది. అక్కణ్ణుంచి మూడువందల ఏళ్ళపాటు పొగ మీద ఎన్ని చట్టాలొచ్చినా ఇంటి గడప తొక్కలేదు. 1853లో పామర్‌స్టన్ చొరవతో వచ్చిన లండను పొగచట్టం కూడా ఫ్యాక్టరీ కొలుముల్నీ, నదిలో తిరిగే స్టీమర్లనీ పట్టుకుంది గాని, లక్షలాది ఇళ్ళ పొగగొట్టాలకేసి తలెత్తి చూడలేదు.

మధ్యలో ఒక గొప్ప అవకాశం వచ్చి పోయింది. 1666లో లండను నగరం చాలామటుకు తగలబడిపోయింది. మళ్ళీ మొదటినుంచీ కట్టుకోవాల్సివచ్చింది. ఎలా కట్టుకున్నారో తెలుసునా? లండనుకి దిగుమతయ్యే బొగ్గు మీద పన్ను వేసి ఆ డబ్బుతో సెంట్ పాల్స్ చర్చిని కట్టారు. బొగ్గు ఎంత ఎక్కువ కాలితే గుడికి అంత ఆదాయం. కట్టడం పూర్తికాకముందే తెల్లరాయి మసిబారిపోవడం మొదలుపెట్టింది. బొగ్గు పెట్టిన సొమ్ముతో లేచిన గోడ మీద బొగ్గే సంతకం చేసింది.

పొగ గాలిలోకి పోగా గొట్టంలో మిగిలేది మసి. ఆ మసి గోకాలి. గొట్టాలు ఇరుకు, అందులో పెద్దవాళ్ళు పట్టరు. అంచేత నాలుగైదేళ్ళ అనాథ పిల్లల్ని పట్టి, బట్టలూడదీసి, గొట్టాల్లోకి ఎక్కించేవారు. 1775లో సెంట్ బార్తలోమ్యూ ఆస్పత్రి సర్జను పెర్సివల్ పాట్ ఒక సంగతి గమనించాడు. చిన్నప్పుడు గొట్టాలెక్కిన ఈ పిల్లలకి, పెద్దయ్యాక వృషణాల సంచి మీద పుండు లేచి, అది క్యాన్సరై ప్రాణం తీస్తోంది. చర్మపు ముడతల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న మసే దానికి కారణమన్నాడు. ఫలానా పని చేసేవాళ్ళకి ఆ పని వల్లనే క్యాన్సరొస్తుందని ఒక వైద్యుడు చెప్పడం అదే మొదలు. ఆ మసిలో వున్న విషమేమిటో తేలడానికి 1930ల దాకా ఆగాల్సివచ్చింది. తారులోంచి బెంజోపైరీన్ అనే పదార్థాన్ని అప్పుడు విడదీశారు. సిగరెట్టు పొగలోనూ, తడికట్టెల పొగలోనూ అదే వుంది. ఇక పిల్లల సంగతంటారా? ఎనిమిదేళ్ళలోపు వాళ్ళని ఎక్కించకూడదని 1788లో చట్టం, ఇరవైయొక్కేళ్ళలోపు వాళ్ళనే ఎక్కించకూడదని 1840లో చట్టం, అది పనిచెయ్యక 1864లో మరొకటి, అదీ చాలక 1875లో ఇంకొకటి. పాట్ చెప్పిన తర్వాత నూరేళ్ళకి పిల్లలు గొట్టాల్లోంచి దిగారు. నిజం తెలియడానికీ, తెలిసిన నిజం చట్టమై, ఆ చట్టం నిజంగా అమలు కావడానికీ మధ్యన ఎంత ఎడముంటుందో చూడండి.

పందొమ్మిదో శతాబ్దానికి లండను మంచు పసుపురంగుకి తిరిగింది. దాన్ని వాళ్ళు "బఠాణీల సూపు" అన్నారు. మనవాళ్ళైతే ముద్దపప్పు అని వుండేవారు. డికెన్స్ తన "బ్లీక్ హౌస్" నవలని ఆ మంచుతోనే మొదలుపెట్టాడు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1899 నుంచి వరసగా మూడేళ్ళు వచ్చి, సవాయ్ హోటల్ కిటికీలోంచి థేమ్స్ వంతెనల మీద ఆ వింతకాంతిని దాదాపు నూరు బొమ్మలుగా గీసుకున్నాడు. మంచు లేకపోతే లండనులో అందమేముందని ఆయన అభిప్రాయం. హోటలు గదిలోంచి చూసేవాడికి అది కాంతి. కింద వీధిలో పీల్చేవాడికి దగ్గు. ఆ బొమ్మల్ని ఇప్పుడు శాస్త్రజ్ఞులు కూడా తీరిగ్గా చూస్తున్నారు. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలో గంధకపు పొగ పెరిగిన తీరుకీ, టర్నర్, మోనేల చిత్రాల్లో అంచులు మసకబారిన తీరుకీ పొంతన వుందని 2023లో ఒక పరిశోధనాపత్రం వెలువడింది.

చావుల్ని లెక్కపెట్టే అలవాటు ఇంగ్లండుకి ముందునుంచీ వుంది. అదే చివరికి పొగని పట్టించింది. 1873 డిసెంబరులో గట్టి మంచు పడితే ఇజ్లింగ్టన్ పశువుల ప్రదర్శనలో బహుమతులకి తెచ్చిన ఎడ్లు ఊపిరాడక కూలిపోయాయి. పత్రికలు ఎడ్ల గురించి రాశాయి. ఆ వారాల్లో మనుషులూ మామూలుకంటే వందల సంఖ్యలో ఎక్కువ పోయారని మరణాల పట్టీలు చెప్పాయి గాని, మనిషి చావుకి బహుమతి పతకం లేదుగదా! 1880లో రోలో రసెల్ అనే ఆయన ఒక చిన్న పుస్తకం రాసి, ఇంటి పొయ్యిలే అసలు దొంగలని మొహమాటం లేకుండా చెప్పాడు. ఈయన తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్‌కి బాబాయి. 1905లో దె వో అనే వైద్యుడు పొగ అనే ఇంగ్లీషు మాటనీ, మంచు అనే మాటనీ కలిపికొట్టి "స్మాగ్" అనే మాట తయారుచేశాడు. ఇక్కడొక చమత్కారం. మనం ఏ పొగా లేని పల్లెటూళ్ళో, మార్గశిరంలో, చెరువు మీద తేలే తెల్లటి మంచుని కూడా పొగమంచనే అంటాం. పాపం, ఆ మంచుకి పొగతో ఏ సంబంధమూ లేదు. వాళ్ళకి అవసరం పడ్డాక పుట్టిన మాట, మన దగ్గర అవసరం రాకముందే సిద్ధంగా వుంది.

ఇక 1952 డిసెంబరు. ఆ కథ కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి.

యుద్ధం గెలిచిన ఇంగ్లండు అప్పులపాలై వుంది. మంచి బొగ్గుని విదేశాలకి అమ్మి డబ్బు చేసుకుంటోంది. ఇంట్లోవాళ్ళకి రేషను. ఆ డిసెంబరు నుంచే ప్రభుత్వం "నట్టీ స్లాక్" అనే నాసిరకం పొడిబొగ్గుని రేషను లేకుండా కొనుక్కోవచ్చని ప్రకటించింది. మంట తక్కువ, పొగ ఎక్కువ. ఆ జూలైలోనే లండను చివరి ట్రాము ఆగిపోయి దాని స్థానంలో డీజిలు బస్సులొచ్చాయి. చలి గజగజ వణికిస్తోంది. ప్రతి ఇంట్లోనూ పొయ్యి నిండా పొడిబొగ్గే.

డిసెంబరు 5, శుక్రవారం గాలి ఆగిపోయింది. మామూలుగా నేల దగ్గర గాలి వెచ్చగా, పైన చల్లగా వుంటుంది. వెచ్చటిది పైకి పోతూ పొగని కూడా తీసుకుపోతుంది. ఆరోజు అది తల్లకిందులైంది. కింద చల్లటి గాలి, దాని మీద వెచ్చటి గాలి పొర. మూకుడు మీద మూత పెట్టినట్టు పొర బిగుసుకుంది. దానికింద ఎనభై లక్షల జనం, వాళ్ళ పొగగొట్టాలు. మంగళవారం దాకా ఆ మూత లేవలేదు. ఆ అయిదు రోజుల్లో రోజుకి వెయ్యి టన్నుల మసి, 140 టన్నుల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 370 టన్నుల గంధకపు వాయువు గాలిలో కలిశాయనీ, ఆ గంధకం మంచుబొట్లలో కరిగి 800 టన్నుల గంధకికామ్లంగా మారిందనీ అక్కడి వాతావరణ శాఖ అంచనా. మన ప్రయోగశాలల్లో సీసాకి పుర్రె బొమ్మ అంటించి బీరువాలో తాళం వేసే ఆమ్లం అది.

తన కాళ్ళు తనకి కనిపించని చోట్లున్నాయి. బస్సుల ముందు కండక్టర్లు కాగడాలు పట్టుకుని నడిచారు. తర్వాత బస్సులే ఆగిపోయాయి. అంబులెన్సులు దారి తప్పాయి. సాడ్లర్స్ వెల్స్ నాటకశాలలో సంగీత నాటకం మొదటి అంకం దాటకుండానే ఆపేశారు. పొగ హాల్లోకి వచ్చి కూచుంది. ఎర్ల్స్ కోర్టులో పశువుల ప్రదర్శన ఈసారి కూడా సరిగ్గా అప్పుడే వచ్చిపడింది. మేలుజాతి ఎడ్లు కొన్ని రొప్పి రొప్పి చచ్చాయి. వింతేమిటంటే శుభ్రంగా కడిగిన కొట్టాల్లో, తాజా గడ్డి మీద పడుకున్న పతకాల ఎడ్లకే ఎక్కువ బాధ కలిగిందిట. మురికి కొట్టాల్లో మూత్రంలోంచి లేచే అమోనియా ఆ ఆమ్లాన్ని విరిచేసి మిగతావాటిని కాపాడి వుంటుందని ఊహించారు. పేడా మూత్రం మందుగా పనిచేశాయంటే మన తాతలు చాలా సంబరపడేవారు.

ఇంత జరుగుతున్నా జనం కంగారుపడలేదు. లండనంటే మంచే గదా! గుట్టు బయటపెట్టినవాళ్ళు డాక్టర్లు కారు. శవపేటికలు చేసేవాళ్ళ దగ్గర పేటికలు చాల్లేదు, పూలకొట్లలో పూలు అయిపోయాయి. తర్వాత మరణాల పట్టీ వచ్చింది. డిసెంబరు 13తో ముగిసిన వారంలో మహానగరంలో 4,703 మంది చనిపోయారు. అంతకుముందు ఏడాది అదే వారంలో 1,852 మంది. పసిపిల్లలూ, ముసలివాళ్ళూ, అంతకు ముందే ఉబ్బసమో, గుండెజబ్బో, పాత దగ్గో వున్నవాళ్ళూ. కళ్ళు తిరిగి వీధిలో పడిపోయినవాళ్ళు కారు వీళ్ళు. ఇంట్లో, మంచంమీద, పెదవులు నీలం తిరిగి, ఊపిరి కోసం కూచుని పెనుగులాడి పోయారు. వీళ్ళు ఒక్కచోట పోగుపడలేదు గనక ఎవరికీ కనిపించలేదు. అంతకుముందు బెల్జియంలో మ్యూజ్ లోయలో 1930లో అరవైమంది పోయినప్పుడు, అమెరికాలో డొనోరా ఊళ్ళో 1948లో ఇరవైమంది పోయినప్పుడు ఊరంతా చిన్నదవడంచేత వెంటనే తెలిసింది. మహానగరంలో నాలుగువేలమంది ఇట్టే కలిసిపోయారు.

పొగ మనిషిని ఎలా చంపుతుంది? పెద్ద నలుసుని ముక్కు వెంట్రుకలు ఆపేస్తాయి, ఇంకాస్త చిన్నదాన్ని కళ్ళెలో కలిపి దగ్గుతో బయటికి నెట్టేస్తాం. జల్లెడ బాగానే పనిచేస్తుంది. కానీ తలవెంట్రుక మందంలో పాతికో ముప్ఫయ్యో వంతుండే నలుసు ఆ జల్లెడలోంచి జారి, ఊపిరితిత్తుల చిట్టచివరి తిత్తుల దాకా పోతుంది. అందులోనూ మరీ సూక్ష్మమైనవి నెత్తుట్లోకి కూడా దిగుతాయి. ఆమ్లం శ్వాసనాళాల లోపొరని కాలుస్తుంది, అవి వాచి ముడుచుకుంటాయి. గుండె రెట్టింపు కష్టపడాలి. నెత్తురు చిక్కబడి గడ్డకట్టడానికి చూస్తుంది. అంచేత పొగ వల్ల పోయినవాడి కాగితం మీద "గుండెపోటు" అనో "న్యుమోనియా" అనో రాస్తారు. పొగ పేరు ఎక్కడా రాదు. హంతకుడు పక్కవాడి సంతకం చేసిపోతాడన్నమాట.

ప్రభుత్వం ఏం చేసింది? మొదట ఇన్‌ఫ్లుయెంజా మీదికి నెట్టింది. కొత్తసంవత్సరం తర్వాత కూడా చావులు ఎక్కువగానే వుంటే అవన్నీ ఫ్లూ ఖాతాలో పడ్డాయి. 2001లో ఇద్దరు పరిశోధకులు ఆ లెక్కలు తిరగేసి, అంత ఫ్లూ లేనేలేదనీ, ఫిబ్రవరి దాకా పోయినవాళ్ళని కలిపితే పొగ ఖాతా 12,000 దాకా తేలుతుందనీ అన్నారు. అప్పుడు గృహనిర్మాణ మంత్రి హెరాల్డ్ మాక్మిలన్. మనం చెయ్యగలిగింది ఎక్కువేమీ లేదు గాని, చాలా పనిలో వున్నట్టు కనపడగలం, కమిటీ వేద్దాం అని అర్థం వచ్చేటట్టు ఆయన మంత్రివర్గానికి రహస్యంగా రాసిన కాగితం తర్వాత బయటపడింది. మంత్రులు అంతరంగంలో ఏమనుకుంటారో ఇంత తేటగా రాసిపెట్టిన పత్రం మరొకటి దొరకదు.

తమాషా ఏమిటంటే కాలక్షేపానికి వేసిన ఆ కమిటీ పనిచేసి కూచుంది. అధ్యక్షుడు సర్ హ్యూ బీవర్, ఇంజనీరు, గిన్నెస్ సారాయి కంపెనీ పెద్ద. "గిన్నెస్ రికార్డుల పుస్తకం" వెనకనున్న ఆలోచన కూడా ఈయనదే. 1954 నవంబరులో ఈయన నివేదిక ఇచ్చాడు. ఫ్యాక్టరీలనే కాదు, ఇంటి పొయ్యిని కూడా పట్టుకోవాలన్నాడు. ఎవెలిన్ వదిలేసిన గడపని మూడు శతాబ్దాలకి ఒకడు తొక్కాడు. ప్రభుత్వం నాన్చుతుంటే నబారో అనే పార్లమెంటు సభ్యుడు తానే సొంతంగా బిల్లు పెట్టి ముల్లుకర్రతో పొడిచాడు. 1956 జూలై 5న స్వచ్ఛవాయు చట్టం వచ్చింది. పొగరాని ఇంధనం వాడే వాడలుగా ఊరిని విభజించారు, పొయ్యి మార్చుకోవడానికి ఇంటికింతని డబ్బిచ్చారు. అదంత సులువుగా జరగలేదు. కణకణలాడే పొయ్యి చుట్టూ కుటుంబమంతా చేరడంలోని సుఖాన్ని గురించి జార్జ్ ఆర్వెల్ అంతటివాడు 1945లో ఒక వ్యాసమే రాశాడు. ఆ సుఖం అబద్ధం కాదు, అందుకే అన్నేళ్ళు పట్టింది.

మన సంగతి వేరేగా వుండదు. పొయ్యి దగ్గర ఊదుడుగొట్టం పట్టుకుని కళ్ళొత్తుకుంటున్న కోడలు పొగకి ఏడుస్తోందో అత్తకి ఏడుస్తోందో తేల్చలేక ఎన్ని తరాలు నవ్వుకున్నామో! ఆ పొగని ఎవరూ కొలవలేదు. 1981లో కిర్క్ స్మిత్ అనే అమెరికన్ గుజరాత్ పల్లెల్లో వంటచేసే ఆడవాళ్ళకి చిన్న గాలిపంపులు తగిలించి కొలిచాడు. నగరాల నడివీధుల్లోకంటే వంటింట్లోనే ఎన్నో రెట్లు ఎక్కువ మసి తేలింది. సరిగ్గా ఆ ఏడే మన దేశంలో వాయుకాలుష్య నివారణ చట్టం వచ్చింది. అది చూసింది ఫ్యాక్టరీ గొట్టాలకేసి. ఎవెలిన్‌గారి వాసన మనకీ తగిలింది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చారు. దేశమంతటా ఉజ్జ్వల 2016లో. ఇంటి పొయ్యిల పొగ వల్ల ప్రపంచంలో ఏటా ముప్ఫయి రెండు లక్షలమంది పోతున్నారని 2020కి ప్రపంచ ఆరోగ్యసంస్థ వేసిన లెక్క. వీళ్ళలో ఎవరి మరణపత్రం మీదా "వంట" అని రాసి వుండదు.

లండను నల్లపొగ పోయింది. కంటికి కనపడని మోటారు పొగ దాని కుర్చీలో కూచుంది. 2013 ఫిబ్రవరిలో, పెద్ద రోడ్డు పక్కన వుండే తొమ్మిదేళ్ళ అమ్మాయి ఉబ్బసంతో చనిపోయింది. తల్లి ఊరుకోలేదు. ఏడేళ్ళు పోరాడింది. 2020 డిసెంబరులో శవపంచాయితీ అధికారి ఆ పిల్ల మరణానికి కారణాల్లో ఒకటిగా "గాలి కాలుష్యం" అని రాశాడు. బ్రిటనులో ఆ మాట ఒక మరణానికి కారణంగా ఎక్కడం అదే మొదటిసారి. ఎలినార్ రాణి మూటాముల్లె సర్దుకున్న ఏడువందల అరవై మూడేళ్ళకి.

కమిటీ వేసి పనిలో వున్నట్టు కనపడదామన్న మాక్మిలన్ తర్వాత ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన హయాంలోనే 1960ల మొదట్లో ప్రధాని నివాసం, పదో నంబరు డౌనింగ్ స్ట్రీటు, మరమ్మతు చేయించారు. నల్ల ఇటుకల ఇల్లని లోకమంతా ఎరిగిన ఆ గోడల్ని కడిగితే లోపల పసుపుపచ్చ ఇటుక బయటపడింది. రెండు శతాబ్దాల మసి అది! ఇంత పచ్చటి ఇంటిని జనం గుర్తుపట్టరని భయపడి, శుభ్రమైన ఇటుకల మీద మళ్ళీ నల్లరంగు వేయించారు. ఇప్పటికీ నల్లరంగే వేస్తున్నారు.